నందికొండ కింద బ్యాటరీ బేరం

విత్తనాల సంచులు, పురుగుమందుల డబ్బాలు అమ్మే దుకాణాల ముందు ఇప్పుడు సోలార్ బ్యాటరీల రంగుల కాగితాలు పంచుతున్నారు. నందికొండ, హాలియా, పెద్దవూర, దేవరకొండ వైపు మన సభ్యుల ఇండ్లకు ఏజెంట్లు వచ్చి కూర్చుంటున్నారు. “మాడ్యులర్ హై వోల్టేజ్ బ్యాటరీ అన్నా, పెట్టె మీద పెట్టె పేర్చుకుంటూ పోవచ్చు, ఇక కరెంటోళ్లతో పనే లేదు” అంటున్నారు. సంతకం పెడితే అప్పు కూడా వాళ్లే ఇప్పిస్తారట. ఆ సంతకానికి ముందు ఈ నాలుగు మాటలు చదవమని మేము అడుగుతున్నాం.

ఈ బేరం ఎక్కడ పుట్టిందో మొదట చూద్దాం. కేంద్రం 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం తెచ్చింది. ఇంటి పైకప్పు మీద మూడు కిలోవాట్ల పలకలు పెట్టుకుంటే 78,000 రూపాయల రాయితీ వస్తుంది. బాగానే ఉంది. కానీ పలకలు పెట్టుకున్న రైతుకు మొదటి గాలివాన రోజున ఒక సంగతి తెలిసొస్తుంది: లైను కరెంటు పోతే పైకప్పు మీది కరెంటు కూడా ఆగిపోతుంది. అది లోపం కాదు. స్తంభం మీద పని చేసే లైన్‌మన్‌కు మన ఇంటి నుంచి వెనక్కి కరెంటు పారి ప్రాణం మీదికి రాకుండా, లైను చచ్చిపోగానే ఇన్వర్టర్ ఆగిపోయేలా చేస్తారు. ఈ మాట పలకలు అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు. అమ్మిన తర్వాత “అందుకే బ్యాటరీ కావాలి” అంటూ రెండో బేరానికి వస్తారు. పలకలకు రాయితీ ఉంది గానీ ఇంటి బ్యాటరీకి ఆ పథకంలో పైసా లేదు. అదంతా రైతు జేబులోంచే పోవాలి.

బ్యాటరీతో బిల్లు మిగులుతుందంటారు. ఏ బిల్లు? 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన ఇండ్లకు నెలకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వస్తోంది. వ్యవసాయ మోటరుకు కరెంటు ఉచితం. సున్నాలోంచి ఎంత తీసినా మిగిలేది సున్నానే. నెట్ మీటరు ఉన్న ఇంటికి పగటి మిగులును లైనే దాచి పెడుతుంది. కాబట్టి మన ఇండ్లలో బ్యాటరీకి ఉన్న పని ఒక్కటే: కరెంటు పోయినప్పుడు దీపం వెలగడం, ఫ్యాను తిరగడం. అది చిన్న పని అని మేము అనం. పురుగూ పుట్రా తిరిగే రాత్రి, పిల్లల పరీక్షల రోజుల్లో దాని విలువ మనకు తెలుసు. అయితే ఆ పనికి ఎంత బ్యాటరీ కావాలి?

లెక్క వేద్దాం. నాలుగు ఫ్యాన్లు 280 వాట్లు, ఆరు ఎల్‌ఈడీ బల్బులు 54, టీవీ 80, ఫ్రిజ్ సగటున 60. మొత్తం 474 వాట్లు. నాలుగు గంటలు కరెంటు లేకున్నా ఖర్చయ్యేది రెండు యూనిట్ల లోపే. రెండున్నర యూనిట్ల పెట్టె ఒకటి చాలు. మరి పది యూనిట్ల బ్యాటరీ మన గోడకు ఎందుకు ఆనిస్తున్నారు? “బోరు కూడా నడుస్తుంది” అనే మాటకూ ఇదే లెక్క జవాబు చెబుతుంది. ఐదు హార్స్‌పవర్ మోటరు గంటకు నాలుగు యూనిట్లకు పైగానే లాగుతుంది. ఐదు యూనిట్ల బ్యాటరీ గంట సేపు నీళ్లు పోసి చల్లబడుతుంది. మోటరు మొదలయ్యేటప్పుడు లాగే పెద్ద కరెంటును ఇంటి ఇన్వర్టర్ తట్టుకోవడం వేరే సంగతి.

ఇక హై వోల్టేజ్ సంగతి. మామూలు లిథియం పెట్టె 51.2 వోల్టులది. ఐదు కిలోవాట్ల లోడుకు అందులోంచి దాదాపు 98 ఆంపియర్లు పారాలి. లావు తీగలు కావాలి, వేడి రూపంలో కొంత పోతుంది. పెట్టెలను వరుసగా కలిపి వోల్టేజిని 205కు పెంచితే అదే లోడుకు 24 ఆంపియర్లు చాలు. సన్న తీగ, తక్కువ నష్టం. ఇది నిజమైన లాభమే, మేము కాదనం. పాల కేంద్రానికో, కోళ్ల ఫారానికో, త్రీఫేజ్ ఇన్వర్టర్ పెట్టిన పెద్ద లోడుకో అది సరిపోతుంది.

చిన్న ఇంటికి మాత్రం అందులోని ఇబ్బందులే ఎక్కువ. హై వోల్టేజ్ ఇన్వర్టర్ కనీస వోల్టేజి ఉంటే గానీ లేవదు. అందువల్ల సాధారణంగా రెండో మూడో పెట్టెలు మొదటి రోజే కొనాలి. “కొద్ది కొద్దిగా పెంచుకోవచ్చు” అంటారు గానీ కొద్దిగా మొదలు పెట్టనివ్వరు. వరుసలో ఉన్న పెట్టెల్లో ఒకటి బలహీనపడితే సాధారణంగా మొత్తం వరుస దాని స్థాయికే దిగుతుంది. పైన ఒక్క తూము దగ్గర అడ్డుపడితే కింద అందరి మడులూ ఎండుతాయని ఎడమ కాలువ చివరి ఆయకట్టు రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 51 వోల్టుల పెట్టెలను పక్కపక్కన కలిపితే ఎవరి బావి వారిదే. ఒకటి చెడినా మిగతావి నడుస్తాయి. ఐదేండ్ల తర్వాత పాత వరుసకు కొత్త పెట్టె కలుపుదామంటే పాతా కొత్తా కుదరకపోవచ్చు, ఆ మోడలే దొరక్కపోవచ్చు. అన్నిటికీ మించి, 200 వోల్టులు దాటిన డీసీ కరెంటుతో చెలగాటం వద్దు. దాని మెరుపు ఏసీలా తొందరగా ఆరదు. ఊళ్లో మోటర్లు బాగుచేసే తమ్ముడిని పిలిచి మూత విప్పించే వస్తువు కాదది.

కొనక తప్పని వాళ్లు ఈ ప్రశ్నలు అడగండి, జవాబులు కాగితం మీద తీసుకోండి. లోపల ఉన్నది లిథియం ఐరన్ ఫాస్ఫేటేనా? ఐఈసీ 62619 భద్రతా పరీక్ష పత్రం ఉందా? మన ఇన్వర్టర్‌తో ఈ బ్యాటరీ కలుస్తుందని ఇన్వర్టర్ కంపెనీ జాబితాలో ఉందా? వారంటీ పదేండ్లంటే పదేండ్లేనా, లేక ఇన్ని యూనిట్లు వాడగానే ముగుస్తుందా? చివరికి ఎంత శాతం మిగులుతుందని హామీ? చెడిపోతే నల్లగొండ నుంచి మనిషి వస్తాడా, పెట్టెను మనమే హైదరాబాద్ మోసుకుపోవాలా? రేకుల కింద బిగిస్తామంటే ఒప్పుకోకండి. మన ఎండకు బ్యాటరీ ఆయుష్షు తరిగిపోతుంది. నీడ, గాలి ఉన్న గోడ కావాలి.

ఇప్పుడు అసలు మాట. 1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర డ్యాంకు పునాది వేశారు. ఆ డ్యాం పవర్‌హౌస్‌లో 110 మెగావాట్ల యూనిట్ ఒకటి, 100.8 మెగావాట్ల యూనిట్లు ఏడు ఉన్నాయి. ఆ ఏడూ వెనక్కి కూడా తిరుగుతాయి. మిగులు కరెంటు ఉన్నప్పుడు కింది టెయిల్‌పాండ్ నీళ్లను పైకి తోడి, అవసరమైనప్పుడు మళ్లీ కిందికి వదిలి కరెంటు తీయవచ్చు. అంటే 700 మెగావాట్లకు పైబడిన బ్యాటరీ మన కండ్ల ముందే ఉంది. ప్రజల సొమ్ముతో కట్టింది. పగటి సోలార్ మిగులును దాచడానికి దాన్ని పూర్తిగా వాడండని అడగాల్సిన చోట, ప్రతి రైతూ అప్పు చేసి తన గోడకు ఒక చిన్న డ్యాం కట్టుకోవాలా? దీపం కింద చీకటి అంటే ఇదే.

2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 4,000 మెగావాట్ అవర్ల పెద్ద బ్యాటరీలకు పెట్టుబడి ఖర్చులో 40 శాతం దాకా సాయం ఇస్తామని ఆమోదించింది. పెద్ద పెట్టుబడికి సాయం ఉంది, రైతు ఇంటి చిన్న పెట్టెకు మాత్రం లేదు. 2020 డిసెంబరులో వచ్చిన వినియోగదారుల హక్కుల నిబంధనలు ఇండ్లకు 24 గంటల సరఫరా ఇవ్వాలని, లేకుంటే పరిహారం కట్టాలని చెబుతున్నాయి. సరఫరా బాధ్యత పంపిణీ సంస్థది. బ్యాటరీ కొనుక్కున్న రోజున ఆ బాధ్యతను మన నెత్తిన మనమే ఎత్తుకున్నట్టు.

అందుకే మేము అడిగేవి మూడు. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను వెంటనే మార్చాలి, ఖాళీగా ఉన్న లైన్‌మన్ పోస్టులు నింపాలి. చిన్న రైతు ఇంటికి రెండున్నర యూనిట్ల దాకా బ్యాటరీని రాయితీ పరిధిలోకి తేవాలి. నందికొండ రివర్సిబుల్ యూనిట్లను ఏడాది పొడవునా పనిలో ఉంచాలి.

అప్పటిదాకా ఏజెంటు వస్తే మంచినీళ్లు ఇవ్వండి, సంతకం ఇవ్వకండి. ఆ కాగితం సంఘం దగ్గరికి తీసుకురండి, కూర్చుని కలిసి లెక్క చూద్దాం.