నిక్ డ్రేక్ పాటను ఎవరు దాచారు?

మంచి పాటకు ఎప్పటికైనా మంచిరోజులు వస్తాయని మనం గట్టిగా నమ్ముతాం. బతికుండగా ఎవరూ పట్టించుకోని గాయకుడు పోయాక పేరు తెచ్చుకున్నాడని ఎక్కడైనా చదివితే ఆ నమ్మకం ఇంకాస్త బలపడుతుంది. ఇందుకు రుజువుగా పాశ్చాత్య సంగీత ప్రియులు తరచూ చెప్పే పేరు ఇంగ్లండ్ గాయకుడు నిక్ డ్రేక్‌ది. 1969 నుంచి 1972 దాకా మూడు ఆల్బమ్‌లు చేశాడు. అతను బతికుండగా వాటిలో ఏ ఒక్కటీ 5 వేల ప్రతులు అమ్ముడుపోలేదని చెబుతారు. కుంగుబాటుతో నలిగి, 1974 నవంబరులో, 26 ఏళ్ల వయసులో కన్నవారింట్లోనే చనిపోయాడు. ఇవాళ గిటార్ పట్టుకుని సొంతంగా పాటలు కట్టుకునే యువతరానికి, ఏ దేశంలోనైనా సరే, అతను గురువులాంటివాడు. ఇంతవరకూ విని 'చూశారా, కాలమే న్యాయం చేసింది' అనేస్తారు చాలామంది. వివరాల్లోకి వెళ్లి చూస్తే మాత్రం ఈ కథ చెప్పేది వేరు. డ్రేక్ పాట మిగిలింది కొందరు మనుషులు పట్టుబట్టి దాచడం వల్ల. వాళ్లలో ఏ ఇద్దరు అశ్రద్ధ చేసినా మనకు దక్కేది కాదు. కాలానికి వదిలేస్తే టేపు బూజు పడుతుంది, అంతే.

అంతగా దాచుకోవలసింది ఆ పాటల్లో ఏముందన్నది ముందు చూడాలి. డ్రేక్ గొంతు పెద్దది కాదు. పక్కన కూర్చున్న మనిషికి మాత్రమే చెబుతున్నట్టు తగ్గుస్థాయిలో, కొంచెం ఊపిరి కలిసి నడుస్తుంది. దాన్ని మోసేదంతా గిటారే. తీగలను మామూలు శ్రుతిలో ఉంచకుండా చాలా పాటలకు వేరువేరుగా శ్రుతి చేసుకునేవాడు. అందుకే అతని పాటను ఉన్నదున్నట్టు వాయించాలని కూర్చున్నవాళ్లకు ఏ తీగ ఏ స్వరంలో ఉందో తేల్చుకోవడమే సగం పని. మొదటి ఆల్బమ్ 'ఫైవ్ లీవ్స్ లెఫ్ట్'లోని 'రివర్ మ్యాన్' వినండి. పాశ్చాత్య పాటల్లో అరుదుగా వినిపించే 5 దెబ్బల నడక దానిది, మన చెవికి ఖండచాపు లెక్క. గిటార్ ఆ లెక్కను ఎక్కడా తొణక్కుండా తిప్పుతూనే ఉంటుంది. గొంతు మాత్రం దానికి కట్టుబడినట్టు కనిపించదు. దెబ్బ పడ్డాక కాస్త ఆగి మాట ఎత్తుకుంటుంది, ఒక్కోసారి ఆవర్తం అంచు దాటిపోయి వాలుతుంది. హ్యారీ రాబిన్‌సన్ సమకూర్చిన వయొలిన్ల బృందం మొదట్లో ఉండదు. తర్వాత ఏటికి నీరు వచ్చినట్టు, ఎప్పుడు మొదలైందో తెలియకుండా చుట్టుముడుతుంది. పాట నిండా విషాదమే, కానీ ఒక్కచోట కూడా గొంతు జీరపోదు, సానుభూతి అడగదు. లెక్క తెలిసి, చెయ్యి తిరిగిన మనిషి చేసిన పని అది. ఆ ఆల్బమ్‌లోని మరికొన్ని పాటలకు వాద్య సమ్మేళనం రాయడానికి ముందు ఒక అనుభవజ్ఞుణ్ణి పెడితే డ్రేక్‌కు నచ్చలేదు. స్టూడియో ముఖం చూడని కేంబ్రిడ్జి స్నేహితుడు రాబర్ట్ కర్బీ చేతే రాయించుకున్నాడు. అప్పటికి డ్రేక్‌ది 20 ఏళ్ల వయసు. తనకేం కావాలో అంత స్పష్టంగా తెలిసినవాణ్ణి ఎప్పుడూ నలిగిపోయిన కుర్రాడిగానే చూపించడం అతని పనితనానికి చేసే అన్యాయం.

మరి ఇలాంటి పాట అప్పుడు ఎందుకు అమ్ముడుపోలేదు? తప్పు అతనిదేనని వాదించేవాళ్లున్నారు, ఆ వాదనలో నిజముంది. ఐలాండ్ రికార్డ్స్ చిన్నాచితకా కంపెనీ కాదు. నిర్మాత జో బోయ్డ్, శబ్దగ్రాహకుడు జాన్ వుడ్ ఆ రోజుల్లో ఎవరికీ తీసిపోనివాళ్లు. అవకాశం వచ్చింది, కానీ డ్రేక్ వేదిక మీద నిలబడలేకపోయాడు. పాటకూ పాటకూ మధ్య మాటాపలుకూ లేకుండా తీగలు శ్రుతి చేసుకుంటూ కూర్చుంటే జనం తమలో తాము మాట్లాడుకోవడం మొదలుపెట్టేవారు. కొద్దికాలానికే కచేరీలు మానేశాడు. పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూ, మనకు తెలిసినంతలో, ఒక్కటే. మూడో ఆల్బమ్ 'పింక్ మూన్'ను 1971 అక్టోబరులో రెండు రాత్రుల్లో పూర్తిచేశాడు. ఒంటరి గొంతు, ఒంటరి గిటార్, ఒక్క పాటలో కాసిని పియానో స్వరాలు. మొత్తం అరగంట కూడా లేదు. దానికి ప్రచారం చెయ్యడానికీ అతను బయటికి రాలేదు. ఇదంతా ఒప్పుకుందాం. అయితే దీనివల్ల తేలేదేమిటి? పాట కట్టడం ఒక విద్య, దాన్ని భుజాన వేసుకుని ఊరూరా తిరగడం ఇంకో విద్య. రెండోది రానివాడి మొదటి విద్యను కూడా పారేసుకుంటే నష్టపోయేది వినేవాళ్లే. అమ్మకాల పుస్తకం చూసి ఏది ఉంచాలో తేల్చకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఆ పుస్తకాన్ని పక్కనపెట్టినవాడు బోయ్డ్. 70ల మొదట్లో తన సంస్థను ఐలాండ్‌కు అప్పగించి అమెరికా వెళ్లిపోతూ ఒక షరతు పెట్టాడు, నిక్ డ్రేక్ రికార్డులను ఎప్పటికీ జాబితాలోంచి తీసెయ్యకూడదని. అమ్ముడుపోని గాయకుడి కోసం వ్యాపార ఒప్పందంలో అలాంటి మాట పెట్టించడం మామూలు విషయం కాదు. 1979లో మూడు ఆల్బమ్‌లనూ కలిపి 'ఫ్రూట్ ట్రీ' పేరుతో పెట్టెగా తెచ్చారు. అదీ అమ్ముడుపోలేదు. 1983లో ఐలాండ్ దాన్ని ఆపేస్తే, 1986లో బోయ్డే తన కొత్త కంపెనీ హానిబల్ నుంచి మళ్లీ తెచ్చాడు. ఇంకోపక్క టాన్‌వర్త్ పల్లెలోని ఇంటికి అడపాదడపా వచ్చే అభిమానులను తల్లిదండ్రులు ఆదరించి లోపలికి పిలిచేవారు, కొడుకు ఇంట్లో పాడుకున్న టేపుల నకళ్లు చేసుకోనిచ్చేవారు. 1974లో చేసిన ఆఖరి రికార్డింగు టేపు చివర ఎవరూ గమనించని ఒక పాట 30 ఏళ్లు పడి ఉంది. అది బయటపడి 2004లో విడుదలైంది. 1968లో స్టూడియోలో జరిగిన తొలి రికార్డింగు తాలూకు టేపును గాయని బెవర్లీ మార్టిన్ అర్ధశతాబ్దానికి పైగా దాచి ఉంచడంతో 2025లో అది లోకానికి వినిపించింది. ఈ వరుసలో కాలం చేసిన పని ఏదైనా కనిపిస్తోందా? ప్రతి మలుపులోనూ ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషికి అప్పట్లో దానివల్ల లాభమేమీ లేదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. డ్రేక్‌ను లోకానికి తెలియజేసింది ఫోక్స్‌వ్యాగన్ కారు ప్రకటన కదా అంటారు. 1999 చివర్లో అమెరికా టీవీల్లో వచ్చిన ఆ ప్రకటనకు 'పింక్ మూన్' పాట వాడారు. ఆ తర్వాత ఆల్బమ్ అమ్మకాలు అక్కడ ఎన్నో రెట్లు పెరిగాయి. అంటే మార్కెట్టే చివరికి వజ్రాన్ని ఏరుకుందని వాదన. నిజమే, ఆ ప్రకటన లేకపోతే కొన్ని లక్షల మంది చెవికి ఆ పాట చేరడానికి ఇంకెన్నాళ్లు పట్టేదో. కానీ ప్రకటన తీసినవాళ్ల చేతికి పాట ఎలా అందింది? మాస్టర్ టేపు చెడకుండా ఉంది, హక్కులు ఎవరివో స్పష్టంగా ఉన్నాయి, 27 ఏళ్లుగా ఆల్బమ్ ఏదో ఒక రూపంలో దొరుకుతూనే ఉంది. మార్కెట్ ఏరుకోవాలన్నా ఆ పాట అక్కడ ఉండాలిగా. చావే పేరు తెచ్చిందనే మాటకూ ఇలాగే జవాబుంది. వాష్టీ బన్యన్ అనే ఇంగ్లిష్ గాయని గుర్రబ్బండి మీద స్కాట్లండ్ దీవుల వైపు వెళ్తూ కట్టుకున్న పాటలతో 1970లో ఒక ఆల్బమ్ చేసింది. దానికి నిర్మాత బోయ్డే. ఎవరూ వినలేదు. ఆమె పాట మానేసి పిల్లలను పెంచుకుంది. 2000లో ఆ ఆల్బమ్ మళ్లీ అచ్చయ్యాక కొత్త తరం ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. 2005లో, 35 ఏళ్ల తర్వాత, రెండో ఆల్బమ్ చేసింది. అక్కడ చావూ లేదు, దాని చుట్టూ అల్లుకున్న మోహమూ లేదు. ఉన్నదల్లా చెడిపోకుండా మిగిలిన టేపు.

పాట ఇంకా సన్నని తీగ మీద వేలాడిన కథలున్నాయి. అమెరికా గాయని కాన్నీ కాన్వర్స్ 1950ల్లో న్యూయార్క్‌లో గిటార్ మీద తన పాటలు తానే పాడుకునేది. ఆ తరహా గాయకులకు ఇంకా ఒక పేరంటూ లేని రోజులవి. ఒక్క రికార్డు కూడా రాలేదు. 1974 ఆగస్టులో, అంటే డ్రేక్ చనిపోవడానికి మూడు నెలల ముందు, ఆప్తులకు ఉత్తరాలు రాసిపెట్టి కారులో వెళ్లిపోయింది, మళ్లీ ఎవరికీ కనిపించలేదు. యానిమేషన్ కళాకారుడు జీన్ డైచ్ 1954లో తన ఇంట్లో సరదాగా చేసిన రికార్డింగు, తమ్ముడు ఫిలిప్ భద్రపరిచిన టేపులు, ఇవే ఆమె మిగిల్చినవి. 2004లో డైచ్ వాటిలో ఒక పాటను న్యూయార్క్ రేడియోలో వినిపిస్తే అది విన్న యువకుడు పూనుకోబట్టి 2009లో ఆల్బమ్ వచ్చింది. 1954 నాటి ఆ సాయంత్రం డైచ్ టేపు రికార్డర్ మీట నొక్కకపోయి ఉంటే ఆమె మనకు పేరుగా కూడా తెలిసేది కాదేమో. ఇంకొకరి పాటను అలా దాచినవాళ్లలో డ్రేక్ కూడా ఉన్నాడు, తన ఇంట్లో జాక్సన్ సి. ఫ్రాంక్ అనే మరో విస్మృత గాయకుడి పాటలు పాడి టేపు చేసుకున్నాడు. పాల్ సైమన్ నిర్మించిన ఫ్రాంక్ ఏకైక ఆల్బమ్ 1965 నాటిది. ఫ్రాంక్ ఆ తర్వాత మతి చెదిరి, వీధుల్లో గడిపి, 1999లో పేదరికంలోనే పోయాడు.

దాచడం వల్ల మన అవగాహన సైతం మారుతుందనడానికి డ్రేక్ తల్లి మోలీ పాటలు సాక్ష్యం. డ్రేక్ పుట్టింది 1948లో రంగూన్‌లో. తండ్రి రాడ్నీ అక్కడ టేకు కలప వ్యాపారం చేసే బ్రిటిష్ కంపెనీలో ఇంజినీరు. అంతకుముందు జపాన్ సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు మోలీ తన సోదరితో కలిసి ఢిల్లీ చేరింది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఆలిండియా రేడియోలో పాడేవారు కూడా. ఇంగ్లండ్ వెళ్లాక 1950ల్లో ఆమె పియానో దగ్గర కూర్చుని సొంత పాటలు పాడుకుంటుంటే రాడ్నీ ఇంట్లోనే టేపు చేసి ఉంచాడు. ఆమె 1993లో పోయింది, ఆ పాటలు 2013లో ఆల్బమ్‌గా వచ్చాయి. అవి వింటే కొడుకు పాటలో జబ్బు లక్షణంగా లెక్కగట్టిన ఆ దిగులు, ఆ అర్ధోక్తులు, సంతోషం మధ్యలో హఠాత్తుగా నీడ పడే స్వరక్రమం ఆ ఇంట్లో అతని చిన్నప్పటి నుంచే ఉన్నాయని తెలుస్తుంది. అది వారసత్వంగా వచ్చిన పాట కట్టే తీరు. రాడ్నీ ఆ టేపులు ఉంచకపోతే డాక్టరు చీటీ చదివినట్టే డ్రేక్‌ను చదువుతూ ఉండేవాళ్లం. ఇక్కడే మనకు సంబంధించిన ఒక సంగతి ఉంది. అదే రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో వేలాది తెలుగువాళ్లు పనిచేశారు. కోరంగి రేవు నుంచి వెళ్లినవాళ్లు కాబట్టి అక్కడ వాళ్లను కోరంగీలనేవారు. 1942లో అదే యుద్ధం వాళ్లనూ తరిమింది, కాలినడకన కొండలూ అడవులూ దాటించింది. వాళ్లూ పాడుకునే ఉంటారు. ఇంజినీరు గారింట్లో ఉన్న టేపు రికార్డర్ ఆ కూలీ ఇళ్లలో లేదు. ఏ పాట మిగులుతుందన్నది పాట గొప్పతనం మీదే ఆధారపడి ఉంటే ఈ తేడా రాకూడదు.

అన్నీ దాచడం అయ్యే పనా, చెత్త పోగుపడదా అని అడగవచ్చు. పోగుపడుతుంది. కానీ 1972లో ఐలాండ్ లెక్కల ప్రకారం 'పింక్ మూన్' కూడా చెత్తే. ఏరడం తర్వాతి తరం చెవుల పని, సరుకు ఉంటేనే వాళ్లు ఏరగలరు. ఇప్పుడంతా ఇంటర్నెట్‌లో ఉంది కదా అనేది ఇంకో మాట. ఎవరో ఎక్కించినవే అక్కడ ఉంటాయి, ఒప్పందం ముగిస్తే అవీ మాయమవుతాయి. 80, 90 దశకాల్లో మన ఊళ్లలో క్యాసెట్ల మీద వచ్చిన జానపదాలు, ఉద్యమ పాటలు, తత్త్వాలు ఎన్ని ఎక్కాయి? క్యాసెట్ టేపు శాశ్వతమేమీ కాదు. మన తేమకు బూజు పడుతుంది, జిగురు వదులుతుంది, వాయించే యంత్రాలూ అరుదైపోతున్నాయి. ఇళ్లలో ఉన్నవాటిని పారేసేముందు ఒక్క నకలు తీసి పాడినవారి పేరు, ఊరు, ఏడాది రాసిపెట్టడం పెద్ద ఖర్చు కాదు. ఆకాశవాణి కేంద్రాలు, విశ్వవిద్యాలయాల జానపద శాఖలు ముందు చేయాల్సింది ఇంకా చిన్నది. తమ దగ్గరున్న టేపుల జాబితాను అందరికీ కనిపించేలా పెట్టడం. పాటలు వినిపించడానికి అనుమతులూ నిధులూ కావాలి, జాబితాకు అక్కర్లేదు. ఏవి మిగిలాయో తెలిస్తే, మిగలనివాటిని ఎవరి అటకల మీద వెతకాలో కూడా తెలుస్తుంది.