సరుకుల పెట్టెలో నాన్నగారికి పడక



మేము ఇక్కడ టెక్సాస్‌లో కారు వెనుక తగిలించుకొని తిరిగే చిన్న ఇంటి గురించి పోయిన సంచికలో ఒక్క వాక్యము రాశాము. ఆ ఒక్క వాక్యమునకే మీ దగ్గరనుండి చాలా ఉత్తరములు వచ్చాయి. ఒక సహోదరుడు తన సరుకుల ఆటోకు గూడు కట్టించి ఇంటిల్లిపాది తిరుగుటకు వీలుగా చేయవచ్చునా అని అడిగారు. ఆయనకు జవాబు చివరిలో చెబుతాము. ముందు మా కథ వినండి. ఇందులో మేము చేసిన పొరపాటు ఒకటి ఉంది, అది చెప్పకుండా మిగిలినది చెప్పడము న్యాయము కాదు.

అమెరికాలో కార్గో ట్రెయిలరు అని ఒకటి ఉంటుంది. ఇంజను ఉండదు. రెండు చక్రాల మీద కూర్చోబెట్టిన మూతపెట్టె అనుకోండి. వడ్రంగులు, రంగులు వేసేవారు, తోటపని వారు పనిముట్లు అందులో వేసుకొని కారుకో చిన్న లారీకో తగిలించి లాక్కొని పోతారు. పడకలు, వంటగది అమర్చి కంపెనీలో తయారుచేసిన బండి కొనాలంటే వేలకు వేల డాలర్లు. అందుకని చాలామంది ఖాళీ పెట్టె కొని, శని ఆదివారాలు ఇంటి వాకిట్లోనే దానిని నివాసముగా మార్చుకుంటారు.

మాకు ఈ ఆలోచన రావడానికి కారణము నాన్నగారు. 2023 జూన్‌లో ఆరు నెలలు ఉండడానికి ఊరినుండి వచ్చారు. వయసు 74. రాత్రి నాలుగు సార్లు లేవాలి. పగలు ప్రయాణములో గంటకొకసారి ఆగాలి. దారిలో ఎక్కడ దిగాలో, ఎవరిని అడగాలో అని ఆయనకు బెంగ. "మీరు వెళ్ళి రండిరా, నేను ఇంట్లోనే ఉంటాను" అనేవారు. ఇంత దూరము వచ్చిన మనిషి నాలుగు గోడల మధ్య కూర్చుని తిరిగి వెళ్ళిపోతారేమో అని మాకు మనసు కష్టముగా ఉండేది. పడుకోవడానికి చోటు, పక్కనే మరుగుదొడ్డి, రెండూ ఆయన వెంటే వస్తే ఈ బెంగ తీరుతుంది గదా అనుకొన్నాము.

అదే నెలలో 3,200 డాలర్లకు ఒక పాత పెట్టె కొన్నాము. 6 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, ఒకే ఇరుసు. లోపల కొలిస్తే వెడల్పు 5 అడుగుల 8 అంగుళాలే వచ్చింది. పైన అల్యూమినియము రేకు, లోపల ఇనుప చట్రము, దానిమీద పలుచని ప్లైవుడ్. కిటికీ లేదు. కప్పులో రంధ్రము లేదు. పక్కన ఒక తలుపు, వెనుక రెండు రెక్కల తలుపు. ఈ తలుపులన్నిటికీ బయటినుండి వేసే ఇనుప అడ్డగడియలు ఉన్నాయి. లోపలినుండి తీసే వీలు లేదు. సరుకు తనంతట తాను బయటికి రాదు గదా!

మేము మొదట ఏమి చేశామంటే, కంటికి నచ్చే పనులన్నీ చేశాము. ప్లైవుడ్ ఊడదీసి, ఇనుప చట్రము మధ్య ఖాళీలలో గట్టిరకము థర్మకోల్ వంటి పలకలు కోసి కూర్చాము. మళ్ళీ ప్లైవుడ్ బిగించాము. ఇనుములోకి మామూలు మేకులు దిగవు గనుక తన రంధ్రము తానే చేసుకొని పోయే మరమేకులు వాడాము. పలకలను ఒకదానికొకటి ఆనించి బిగిస్తే దారి కుదుపులకు కిర్రుకిర్రుమంటాయని ఒక పెద్ద వడ్రంగి చెప్పారు. అందుకని మధ్య చిన్న సందు వదిలి దానిమీద సన్నని బద్దీలు కొట్టాము. గోడలకు తెల్ల రంగు, నేలకు వినైల్ షీటు, నాన్నగారికి ఎడమ వైపు గోడ వెంట 30 అంగుళాల వెడల్పున మంచము, దాని కింద బట్టలకు సొరుగులు. మా పడక వెనుక అడ్డముగా. మేమిద్దరమూ పొట్టివాళ్ళము గనుక 5 అడుగుల 8 అంగుళాలలో సరిపోయాము. పొడుగువారైతే నిలువుగానే వేసుకోవాలి. ఇరుగు పొరుగు వచ్చి చూసి మెచ్చుకొన్నారు. కప్పులో పెట్టవలసిన ఫ్యాను, కిటికీ అట్టపెట్టెలలోనే ఉన్నాయి. మంచి రేకును కోయడానికి చేతులు రాక వాటిని వాయిదా వేస్తూ వచ్చాము.

సెప్టెంబరులో ఒక శనివారము. బయట 37 డిగ్రీల ఎండ. నాన్నగారికి ఆ మంచము బాగా నచ్చింది, "మన ఊరి చావడి అరుగులా ఉంది" అని పక్క తలుపు బార్లా తీసి పెట్టుకొని అందులో కునుకు తీశారు. మేము గ్యారేజీలో చెవులకు మూతలు పెట్టుకొని రంపముతో చెక్క కోస్తున్నాము. పదకొండేళ్ళ మా అబ్బాయి అటుగా వచ్చి తలుపు తెరిచి ఉండడము చూశాడు. అంతకు ముందు వారమే మా వీధిలో ఒకరి ట్రెయిలరులోనుండి పనిముట్లు పోయాయి. తలుపు తీసి వదలవద్దని వాడిని మేమే రెండుసార్లు కేకలు వేశాము. పాపము వాడు లోపలికి చూడకుండా తలుపు మూసి, అడ్డగడియ వేసి ఆటకు వెళ్ళిపోయాడు.

మాలో ఒకరము భోజనానికి పిలవడానికి వెళ్ళేసరికి సుమారు ఇరవై నిమిషాలయింది. లోపలినుండి గోడ మీద తడుతున్న చప్పుడు, అదీ నీరసముగా. గడియ తీస్తే నాన్నగారు తడిసి ముద్దయి నేలమీద కూర్చుని ఉన్నారు. పొయ్యి మూత తీసినట్టు వేడి మా ముఖాలకు కొట్టింది. ఆయనను చెట్టు నీడకు తెచ్చి, తడిగుడ్డతో తుడిచి, కొంచెము కొంచెముగా ఉప్పు కలిపిన మజ్జిగ తాగించాము. దేవుని దయవలన ఆయనకు ఏమీ కాలేదు. కాస్త తేరుకొన్నాక ఒక్క మాట అడిగారు: "ఒరే అబ్బాయ్, ఇంత సోకు చేశారు గదా, లోపలినుండి తీసుకోవడానికి ఒక్క గొళ్ళెము పెట్టలేదేమిరా?"

మా దగ్గర జవాబు లేదు. మా అబ్బాయి ఆ రాత్రి అన్నము తినలేదు. నాన్నగారే వాడిని పక్కన కూర్చోబెట్టుకొని, "నీ తప్పు కాదురా, నువ్వు చెప్పిన మాట విన్నావు" అని తినిపించారు.

ఆ రాత్రి మాకు మరొకటి గుర్తుకు వచ్చి నిద్ర పట్టలేదు. 2022 జూన్ 27న మా రాష్ట్రములోనే, శాన్ ఆంటోనియో నగరము దగ్గర వదిలిపెట్టిన ఒక పెద్ద ట్రెయిలరులో సరిహద్దు దాటి వచ్చిన పేదలు దొరికారు. 53 మంది చనిపోయారు. చల్లబరిచే యంత్రము పనిచేయలేదు. మనుషులను సరుకువలె మూసివేసిన పాపము అది. మాది పాపము కాదు, అజాగ్రత్తే. కాని మూసిన రేకు పెట్టెకు ఆ తేడా తెలియదు గదా.

చిన్నప్పుడు తాతగారి గూడుబండిలో వరిగడ్డి మీద దుప్పటి పరుచుకొని రాత్రంతా ప్రయాణము చేసినవారము మేము. ఆ బండికి తాటాకు గూడు, ముందు వెనుక తెరిచే ఉండేది. గాలి ఇటునుండి అటు పోయేది. దిగాలంటే కాలు బయట పెడితే చాలు. అందులో ఇరుక్కుపోయినవారు ఎవ్వరూ మాకు తెలియదు.

సోమవారము నుండి పనిని తిరగేశాము. మొట్టమొదట పక్క తలుపు అడ్డగడియను గ్రైండరుతో కోసి తీసివేశాము. దాని బదులు, బయట తాళము వేసి ఉన్నా లోపలినుండి పిడి తిప్పితే తెరుచుకొనే తాళము బిగించాము. తర్వాత, తలుపుకు ఎదురు గోడకు, నాన్నగారి మంచము పక్కనే, మనిషి దూరేటంత కిటికీ పెట్టాము. ఎర్ర పిడులు రెండు లాగితే చట్రముతో సహా బయటికి తెరుచుకొంటుంది. తలుపు దగ్గర మంట లేచినా రెండవ దారి ఉండాలి. దీనికోసము నిలువు కమ్మీని ఒకదానిని కోయవలసి వచ్చింది. కోసిన చోట పైనా కిందా అడ్డకమ్మీలు వెల్డింగు చేయించకపోతే గోడ బలము తగ్గుతుంది. ఎంతో ముచ్చటగా రంగు వేసిన పలకను రంపముతో కోస్తుంటే, నిజము చెప్పాలంటే, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కప్పులో 14 అంగుళాల చదరపు రంధ్రము కోసి 12 వోల్టుల ఫ్యాను పెట్టాము. రేకుకూ ఫ్యాను చట్రానికీ మధ్య బ్యూటైల్ టేపు అని జిగురు పట్టీ, పైన మరమేకుల తలలమీద తనంతట తాను పరుచుకొనే పూత. ఈ రెండింటిలో పొదుపు చేయరాదు. కప్పులోనుండి దిగిన నీరు కనబడేసరికి లోపల ప్లైవుడ్ కుళ్ళి ఉంటుంది. 100 ఆంపియర్ గంటల లిథియము బ్యాటరీ ఒకటి పెట్టి, దాని పక్కనే ఫ్యూజు వేశాము. ఫ్యాను తక్కువ వేగములో రాత్రంతా తిరిగినా అందులో పదో వంతు కూడా ఖర్చు కాలేదు.

చలికి ఏమి చేయాలి అన్నది మరొక ప్రశ్న. గ్యాసు హీటరు పెట్టుకొమ్మని కొందరన్నారు. పొగ బయటికి పోయే గొట్టము లేని హీటరు మేము వద్దనుకొన్నాము. అది లోపలి ప్రాణవాయువునే తిని మండుతుంది. సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడు వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, నిద్రలో ఉన్నవారు నిద్రలోనే పోతారు. అదియు గాక, కిలో గ్యాసు మండితే సుమారు కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. ఆ నీరంతా చల్లని రేకును పట్టుకొంటుంది. అందుకని కరెంటు దొరికే చోటనే ఆగి చిన్న కరెంటు హీటరు వాడాలని నిర్ణయించాము. వంట కూడా బయటనే. అయినా కార్బన్ మోనాక్సైడుకు మోగే గంటను తలగడ ఎత్తులో, గ్యాసుకు మోగే గంటను నేలకు దగ్గరగా పెట్టాము, ఎందుకంటే వంటగ్యాసు గాలికన్నా బరువు, కిందనే పేరుకొంటుంది. (ఒక్కసారి వాన వచ్చి లోపల పోపు పెట్టాము. నెల రోజులు పరుపులు ఇంగువ వాసన కొట్టాయి.)

మరుగుదొడ్డి సంగతి తక్కువలో చెబుతాము. మంచానికి రెండు అడుగుల దూరములో, తెర వెనుక, మూత ఉన్న చిన్న పెట్టె. తలుపు దగ్గర పట్టుకోవడానికి గట్టి పిడి, కింద వెడల్పాటి మెట్టు. అన్నిటికన్నా తక్కువ ఖర్చయినది ఇదే, నాన్నగారికి ధైర్యము ఇచ్చినదీ ఇదే.

బయలుదేరే ముందు లారీలు తూచే కాటా మీద తూచాము. ఆ ఇరుసు మోయగలిగినది మొత్తము 2,990 పౌండ్లు, అంటే 1,356 కిలోలు. మాది సామానుతో 2,540 పౌండ్లు వచ్చింది. అందులో కారు కొక్కెము మీద పడే బరువు పదింట ఒక వంతుకు తగ్గకూడదు. తగ్గితే వేగములో బండి పాము తోకలా ఊగి కారునే పడదోస్తుంది. మాకు 310 పౌండ్లు వచ్చింది. సరిపోయింది.

నవంబరులో డాలస్ దగ్గరి మా ఇంటినుండి సుమారు 600 కిలోమీటర్లు వెళ్ళి పాలో డ్యూరో లోయ చూశాము. ఎర్రమట్టి కొండచరియలు, 800 అడుగుల లోతు. ఆ ఉద్యానవనము 1934లో తెరిచారు. పని లేని రోజులలో ప్రభుత్వము కూలి ఇచ్చి యువకుల చేత ఆ దారులు వేయించింది. నాన్నగారు ఆ రాతి కట్టడాలను చేతితో తడిమి తడిమి చూశారు. ఆయనా ఒకప్పుడు కరువు పనిలో చెరువుకట్టకు మట్టి మోసినవారే.

మొదటి రాత్రి బాగా చలి. వెచ్చగా ఉంటుందని ఫ్యాను మూత, కిటికీలు అన్నీ బిగించాము. తెల్లవారుజామున నాన్నగారి నుదుటి మీద నీటిచుక్క పడింది. టార్చి వేసి చూస్తే, కొత్త కిటికీ చుట్టూ మేము కప్పకుండా వదిలిన ఇనుప కమ్మీల మీద, చల్లటి నీళ్ళ గ్లాసుకు చెమట పట్టినట్టు, చుక్కలు. నలుగురి ఊపిరి అది. రెండవ రాత్రి ఫ్యాను మూత కొంచెము తీసి, కిటికీ వేలెడంత తెరిచి పడుకొన్నాము. కాస్త చలేసింది. గోడలు పొడిగా ఉన్నాయి. ఇంటికి వచ్చాక ఆ కమ్మీలను కూడా కప్పాము.

ఇక సరుకుల ఆటో సహోదరునికి. అయ్యా, మన దేశములో మోటారు వాహనాల చట్టము 52వ సెక్షన్ ప్రకారము బండి స్వరూపమును రవాణా అధికారుల అనుమతి లేకుండా మార్చరాదు. ప్రమాదము జరిగితే బీమా దగ్గర చిక్కు వస్తుంది. దయచేసి ముందు రవాణా కార్యాలయములో అడగండి. ఇక్కడ కూడా మేము పెట్టెలో పడుకొనేది బండి ఆగిన తర్వాతనే. నడిచేటప్పుడు అందులో ఎవ్వరినీ ఎక్కించము. పెండ్లికని ట్రాక్టరు తొట్టిలో ముప్పై మందిమి నిలబడి వెళ్ళిన రోజులు మాకూ ఉన్నాయి, కాబట్టి మీకు చెప్పే అర్హత మాకు తక్కువే. అయినా చెబుతున్నాము.

నాన్నగారు డిసెంబరులో ఊరు చేరారు. వారానికోసారి ఫోను చేసినప్పుడు మనవడితో మాట్లాడి, తర్వాత మమ్మల్ని అడుగుతారు: "ఆ వెనుక తలుపు గడియ సంగతి ఏమి చేశారు?" పక్క తలుపుది తీశాము గాని వెనుక రెక్కల గడియలు ఇంకా బయటివే ఉన్నాయి. దానికి లోపలినుండి లాగే తీగ ఒకటి అమర్చాలి. ఈ శనివారము ఆ పని పెట్టుకొన్నాము.