ఫ్లాష్ కార్డులు – పసిబిడ్డలు

నేటి నగర జీవనంలో శిశువు జన్మించిన కొద్ది నెలలకే ఇంటికి చేరుతున్న వస్తువులలో ఫ్లాష్ కార్డుల పెట్టె ఒకటి. హైదరాబాదు పాతబస్తీ పరిసరమైన మలక్‌పేటలోనూ ఇదే తీరు. కార్డుపై ఒక బొమ్మ, దాని క్రింద ఆంగ్లంలో పేరు. తల్లి కార్డు చూపి పేరు పలుకుతుంది, బిడ్డ చూస్తుంది. ఇలా చేస్తే తమ బిడ్డ తోటివారికన్న ముందుగా చదువరి కాగలదని తల్లిదండ్రుల ఆశ. బిడ్డ మేలు కోరే ఆశను పరిహసించనక్కరలేదు. పరీక్షించవలసినది ఆ పద్ధతిని.

ఈ పద్ధతికి విశేష ప్రచారం కల్పించినవాడు అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన గ్లెన్ డోమన్. మెదడు దెబ్బతిన్న పిల్లలతో పనిచేస్తూ వచ్చిన ఆయన, పసిబిడ్డలకు చదవడం నేర్పవచ్చునని 1964లో ఒక గ్రంథం ప్రకటించాడు. పెద్ద పెద్ద ఎర్రని అక్షరాలతో వ్రాసిన పదాలను క్షణకాలం చూపి తీసివేయడం, రోజుకు పలుమార్లు అదే పని చేయడం ఆయన విధానం. అది దేశదేశాలకు వ్యాపించింది. న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన సూసన్ న్యూమన్ బృందం ఇటువంటి సామగ్రిని 117 మంది శిశువుల విషయంలో పరిశీలించి, ఫలితాలను 2014లో వెల్లడించింది. ఏడు నెలలపాటు కొందరికి కార్డులు, వీడియోలు, పుస్తకాలు ఇచ్చారు; మిగిలినవారికి ఇవ్వలేదు. చదవడంలో ఇరువర్గాల నడుమ తేడా కనబడలేదు. తేడా కనబడినది తల్లిదండ్రుల నమ్మకంలో మాత్రమే! తమ బిడ్డలు చదవడం నేర్చుకొంటున్నారని సామగ్రి పొందినవారు గట్టిగా విశ్వసించారు.

శిశువు నేర్చుకొనే తీరు వేరు. నవజాత శిశువుకు ఇరవై, ముప్పై సెంటీమీటర్ల దూరంలోని వస్తువే కొంత స్పష్టంగా కనబడుతుంది. పాలిచ్చే తల్లి ముఖం బిడ్డ కన్నులకు ఇంచుమించు అంతే దూరంలో ఉంటుంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పాట్రీషియా కుల్ 2003లో ప్రకటించిన ప్రయోగం ఇక్కడ స్మరణీయం. తొమ్మిది నెలల అమెరికా శిశువులతో ఒకరు ఎదుట కూర్చొని చైనా భాషలో ఆడుతూ మాట్లాడగా, వారు ఆ భాషాధ్వనులను గుర్తించసాగారు. అవే మాటలను టీవీలో చూపినప్పుడు వారికేమీ పట్టుబడలేదు. మాట నేర్పినది ఎదుటి మనిషి సాన్నిధ్యమే.

మలక్‌పేట బిడ్డకు ఆ సాన్నిధ్యానికి కొదవ లేదు. ఒక వాకిట తెలుగు, పక్క వాకిట దక్కనీ ఉర్దూ వినబడే ప్రాంతమది. వ్యవసాయ మార్కెట్టుకు ఉల్లిగడ్డల బస్తాలు వస్తాయి. 1886 నుండి ఇక్కడ ఉన్న రేసుకోర్సులో నిజమైన గుర్రాలే పరుగెత్తుతాయి. కాని కార్డుల పెట్టె యాపిల్‌తో మొదలై జీబ్రాతో ముగుస్తుంది. నడుమ మంచుదేశపు ఇగ్లూ కూడ ఉంటుంది. ఇంటి ఉల్లిగడ్డకు అందులో చోటు లేదు. నానమ్మ చేతిలోని ఉల్లిగడ్డకు వాసన ఉంది, పొరలున్నాయి, కళ్ళు మండించే గుణమూ ఉంది. దాని పేరు తెలియక ముందే బిడ్డ దానిని ఎరుగుతుంది. కార్డు నేర్పే పేరుకు వెనుక అట్టి అనుభవం లేదు. పైగా ఇంటిభాషలో మాటలు మొలకెత్తవలసిన వేళను పరభాషా పదాల వల్లెవేత ఆక్రమిస్తున్నది. ఈ నష్టం ఏ పరీక్షలోనూ తేలదు గనుక దీనిని ఎవరూ లెక్కించరు.

పూర్వులు చదువుకు తొందరపడలేదు. బాసర సరస్వతీ సన్నిధిలో అక్షరాభ్యాసానికి తీసుకొనిపోయేది మాటలు వచ్చిన బిడ్డనే. ముస్లిం కుటుంబాలలో నాలుగేళ్ళ, నాలుగు నెలల, నాలుగు రోజుల వయస్సున బిస్మిల్లా వేడుక జరిపే ఆచారం ఉంది. రెండు సంప్రదాయాలలోనూ మాట ముందు, అక్షరం తరువాత.

కార్డులన్నీ వ్యర్థమని అర్థం కాదు. మూడు నాలుగేళ్ళ పిల్లలు వాటితో ఆటలాడుకొంటారు. వినికిడి లోపమున్న పిల్లలకు పదాలు నేర్పే ఉపాధ్యాయులకు బొమ్మల కార్డులు మంచి సాధనాలు. ఏడాది నిండని బిడ్డ చేతికిస్తే మాత్రం అది కార్డును ముందుగా నోట పెట్టుకొంటుంది. ఆ వయస్సుకు అదియే సరియైన అధ్యయనం. కొనడానికి స్తోమత లేని తల్లి తన బిడ్డకేదో లోపం చేస్తున్నానని కుమిలిపోనక్కరలేదు. కొన్న తల్లి కూడ బిడ్డ ముఖం త్రిప్పుకొన్నప్పుడు కార్డు ప్రక్కన పెట్టి, బిడ్డ ఎటు చూస్తున్నదో అటు చూసి, దానిని గురించే నాలుగు మాటలు మాట్లాడవచ్చు.