రామప్ప ఫోటోలున్న ఉమ్మడి కంప్యూటరు డిస్కుకు బయటినుంచి అనుసంధానం ఇచ్చే విషయమై తీర్మానం

పాలంపేట (పూర్వపు వరంగల్, ప్రస్తుత ములుగు జిల్లా) గ్రామస్థుల సర్వసభ్య సమావేశం చర్చించి ఆమోదించినది.

రేచర్ల రుద్రుడు క్రీ.శ. 1213లో కట్టించిన రామప్ప గుడిని యునెస్కో 2021 జూలై 25న ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గుడి రక్షణ భారత పురావస్తు శాఖది. ఊరి ఇళ్లలోని పాత ఫోటోల బాధ్యత మాత్రం మనదే. రాళ్లు విప్పి తిరిగి నిలబెట్టవలసి వచ్చిన, గుడి ఆవరణలోని కామేశ్వరాలయం ఒకప్పుడు ఎలా నిలబడి ఉండేదో, ఏ మూల ఏ స్తంభం ఉండేదో పెళ్లి ఫోటోల వెనకా, పండగ ఫోటోల వెనకా కనిపిస్తున్నది. ఇలాంటివన్నీ స్కాన్ చేసి ఉమ్మడి కంప్యూటరు డిస్కులో భద్రపరుస్తున్నాము. ఇవి పోతే మళ్లీ తీయగలిగేవి కావు.

హనుమకొండలో, హైదరాబాదులో, విదేశాల్లో ఉంటున్న మన ఊరివాళ్లు ఈ డిస్కును అక్కడినుంచే తెరిచి చూడాలనీ, తమ దగ్గరున్న ఫోటోలు చేర్చాలనీ కోరుతున్నారు. ఈ కోరిక న్యాయమైనదని సభ భావిస్తున్నది. అయితే అనుసంధానం కుదరడం లేదు కాబట్టి, బయటినుంచి వచ్చే అనుసంధానాలను వడకట్టే ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపివేద్దామన్న సూచన కూడా వచ్చింది. దాన్ని సభ గట్టిగా తిరస్కరిస్తున్నది. ఒకరిని లోపలికి రానివ్వడానికి ఇంటి తలుపులన్నీ ఊడదీయనక్కరలేదు.

విండోస్ కంప్యూటర్లు డిస్కును పంచుకునేది 445వ నంబరు పోర్టు ద్వారా. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది ఈ దారినే. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా అప్పుడు దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే విడుదల చేసింది. వేసుకోనివాళ్లే ఎక్కువగా నష్టపోయారు. ఈ సంగతి సభ్యులందరూ గుర్తుంచుకోవాలని సభ కోరుతున్నది.

కావున ఫైర్‌వాల్ ఎల్లవేళలా పనిచేస్తూనే ఉండాలని తీర్మానించడమైనది. రూటరులో 445వ పోర్టును ఇంటర్నెట్‌కు తెరవరాదు. బయటివాళ్లు ముందుగా రక్షిత మార్గమైన వీపీఎన్‌లోకి ప్రవేశించి, ఆ తర్వాతే డిస్కును చేరాలి. ఫైర్‌వాల్‌లో ఫైల్ షేరింగ్ నియమాన్ని ప్రైవేట్ నెట్‌వర్క్‌కే వర్తింపజేయాలి. పబ్లిక్ అని ఉన్నచోట అది మూసే ఉండాలి. ఆ నియమంలోని స్కోప్ భాగంలో వీపీఎన్ ఇచ్చే చిరునామాలు తప్ప మరేవీ ఉండరాదు. డిస్కును పంచుకునే పద్ధతి అయిన ఎస్ఎంబీలో పాతబడిన ఒకటవ వెర్షన్‌ను తీసివేయాలి. ఎవరి ఖాతా వారికే ఉండాలి. అందరికీ కలిపి ఒకే పాస్‌వర్డ్ ఇచ్చే పద్ధతిని సభ అంగీకరించదు. సభ్యులకు చూసే హక్కు, కొత్త ఫోటోలు వేసే ఫోల్డరులో రాసే హక్కు ఇస్తే చాలు. భద్రపరిచిన ఫోటోలను చెరిపే హక్కు కార్యదర్శికి తప్ప ఎవరికీ ఉండరాదు.

ఫోటోలు చూడటం ఒకటి, డిస్కును నిర్వహించడం మరొకటి. దూరాన్నుంచి డిస్కును భాగాలుగా విడగొట్టాలన్నా, ఫార్మాట్ చేయాలన్నా ఇక్కడిదీ, దూరాన ఉన్నదీ రెండు కంప్యూటర్లలోనూ ఫైర్‌వాల్‌లో రిమోట్ వాల్యూమ్ మేనేజ్‌మెంట్ అనే నియమాల సమూహాన్ని అనుమతించాలి. ఒక్కవైపే తెరిచి పని కావడం లేదని, ఏమీ తోచక ఫైర్‌వాల్‌నే ఆపేసేవాళ్లు ఉన్నారు. ఈ అనుమతితో ఒక్క పొరపాటు జరిగినా డిస్కంతా ఖాళీ అవుతుంది. అందువల్ల మరమ్మతు అవసరమైనప్పుడు మాత్రమే, కార్యదర్శి కంప్యూటరు దగ్గర ఉండగానే దాన్ని తెరవాలనీ, పని ముగిసిన వెంటనే మూసివేసి ఎవరు, ఎందుకు తెరిచారో పుస్తకంలో రాయాలనీ తీర్మానించడమైనది.

ఎంత జాగ్రత్త పడినా, కంప్యూటరుకు తగిలించి ఉన్న డిస్కులన్నిటిలోని ఫైళ్లకూ వాన్నాక్రై లాంటి వైరస్ ఒకేసారి తాళం వేయగలదు. కనుక ఫోటోలన్నిటి ప్రతిని మరో హార్డ్ డిస్కులో ఎక్కించి, కంప్యూటరునుంచి వేరుచేసి, వేరొక ఇంట భద్రపరచాలి. కొత్త ఫోటోలు చేరినప్పుడల్లా వాటిని ఆ ప్రతిలోనూ చేర్చాలి. అప్పుడప్పుడు కొన్ని ఫోటోలు తెరిచి, ప్రతి చెడలేదని చూసుకోవాలి.

సభ్యుల ల్యాప్‌టాప్ గానీ ఫోను గానీ పోతే అదే రోజు కార్యదర్శికి తెలియజేయాలి. కార్యదర్శి వెంటనే ఆ ఖాతాను, దాని వీపీఎన్ అనుమతిని రద్దు చేయాలి. ఆలస్యంగా చెప్పినందుకు ఎవరినీ నిందించరాదు. భయపడి దాచిపెడితే నష్టం ఊరందరిదీ అవుతుంది.

పై ఏర్పాట్లన్నీ పూర్తయ్యాయని కార్యదర్శి రాతపూర్వకంగా తెలిపిన తర్వాతే మొదటి అనుసంధానం ఇవ్వాలనీ, అప్పటివరకు కోరినవారికి ఫోటోల ప్రతులను పెన్‌డ్రైవ్‌లో అందజేయాలనీ సభ ఏకగ్రీవంగా తీర్మానించింది.