ఇంటి భద్రము: రోహిణి యెండలును గ్రామఫోను రికార్డులును



వడియములు, అప్పడములు, ఊరగాయ ముక్కలు, కందిపప్పు, చింతపండు, పరుపులు, దుప్పట్లు: వీనిలో దేనికి చెమ్మ తగిలినను మనము చేయు మొదటి పని యెండలో వేయుట. ఎండ తెలుగింటికి సగము వైద్యుడు, సగము కాపరి. మన తల్లులును అత్తగార్లును నేర్పిన యీ పాఠము నూటికి తొంబదితొమ్మిది వస్తువులపట్ల సత్యము. మిగిలిన యా యొక్కటి గ్రామఫోను రికార్డు. ఇంట పాత రికార్డులున్నవారు ఈ యొక్క వస్తువు విషయమున ఆ పాఠమును తలక్రిందులు చేసికొనవలెనని నా మనవి.

ఈ సంగతి యిప్పుడు వ్రాయుటకు ఒక సోదరి ప్రశ్న కారణము. ఆమె మామగారు కూర్చిన నాటక పద్యములు, హరికథలు, కీర్తనల రికార్డులు రేకుల కప్పు క్రింది అటకమీద ఏండ్ల తరబడి యుండెనట. ఉగాదికి ఇల్లు సర్దుచు తీసి చూడగా కొన్ని వేయించిన అప్పడములవలె అలలు తేలియున్నవట. వానిని ఎండలో గాజుపలక క్రింద పెట్టిన సరియగునా, లేక పాత సామానులవానికి ఇచ్చివేయుట మేలా యని ఆమె అడిగినారు. రెండును వలదని ముందుగా చెప్పి, కారణములను విన్నవించెదను.

భారతములో వారణావతమున పాండవులకై కట్టించిన లక్కయింటి కథ మనకందఱకు తెలిసినదే. తొలినాటి గ్రామఫోను ప్లేట్లును ఆ లక్కతో చేసినవే. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై లక్కపురుగు కూర్చు జిగురును శుద్ధిచేసి, రాతిపొడి, మసి, దూదిపోగులు చేర్చి, వేడిచేసి అచ్చొత్తెడివారు. విదేశముల కంపెనీలకును మన దేశపు లక్కయే ప్రధానాధారముగా నుండెను. 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినది మొదలుకొని 1960వ దశకము వఱకు మన దేశమున వెలువడిన రికార్డులలో పెక్కు ఇట్టివే. ఇవి నిమిషమునకు 78 చుట్లు తిరుగును. పది అంగుళముల ప్లేటు ఒక్క ప్రక్క సుమారు మూడు నిమిషములే పాడును. 1948లో అమెరికాలోని కొలంబియా కంపెనీవారు వినైలు అను ప్లాస్టిక్‌తో, నిమిషమునకు 33 చుట్లకు కొంచెము పైగా తిరుగు పెద్ద రికార్డును వెలువరించిరి. అది ప్రక్కకు ఇరువది నిమిషములకు పైగా పాడును. మన ఇండ్లలోని ఎల్.పి. రికార్డులు ఆ జాతివి.

మీ యింట నున్నది ఏ జాతియో మొదట తెలిసికొనుడు. నడుమ అంటించిన కాగితముమీద 78 అనియో 33 అనియో అచ్చువేసియుండును. లక్కది మందముగను, బరువుగను, పెళుసుగను ఉండును; జాఱిన పగులును. వినైలుది పలుచన, కొంచెము వంగును, సులభముగ పగులదు. అయినను రెంటికిని ఒక లక్షణము సమానము. రెండును వేడిచేత మెత్తబఱచి, అచ్చులో నొక్కి, చల్లార్చుటచేతనే ఆ రూపము పొందినవి. వేడిచే వచ్చిన రూపము వేడిచేతనే పోవును. వెనుక కొందఱు అఱిగిన ప్లేట్లను వేడినీట మెత్తబఱచి, అంచులు పైకి మడచి, గిన్నెలుగను పూలకుండీలుగను చేసికొనెడివారు. ఎవరును కోరకయే మన అటకమీద ఎండ చేయు పనియు అదియే.

వినైలు సుమారు 60 డిగ్రీల వేడి దగ్గఱ పట్టు వదలనారంభించును. మన కృష్ణా తీరమున వేసవి నీడలోనే 45 డిగ్రీలు తాకుట వింత కాదు. ఆ యెండకు ఇంటిపై రేకు 60 డిగ్రీలు దాటి కాలును. దాని క్రింది అటక కుంపటి ప్రక్క గూడువంటిది. పడమటి యెండ సోకు గోడకు ఆనించిన ఇనుప బీరువా, డాబా మీది గది, గాజు కిటికీ ప్రక్క బల్ల, ఫ్రిజ్ నెత్తి, పొయ్యి వెనుకటి గూడు, ఇవియన్నియు తగని చోట్లే. ఇంటిలో వేసవి మధ్యాహ్నమున కుటుంబమంతయు చేరి చాప వేసికొను గది యేదియో, ఆ గదిలోని లోగోడయే రికార్డులకును చోటు. మనకు చల్లగా నున్నచోటు వానికిని చల్లనే.

వేడి యొక్కటియే శత్రువు కాదు. వేడికి తోడు బరువు. ఏటవాలుగా ఆనించిన రికార్డు తన బరువుచే తానే నెమ్మదిగా వంగును. ఒకదానిపై నొకటి దొంతిగా పేర్చినచో అడుగునున్నవి నలిగిపోవును, నడుమ ఇసుకరేణువున్న గాడిలోనికి దిగును. కావున పుస్తకములవలె నిట్టనిలువుగా నిలుపవలయును. జానెడున కొక అడ్డుపలక యుండిన ఏదియు వాలదు. మఱీ బిగించి దూర్చకూడదు, వదులుగను విడువకూడదు, చేతితో సులువుగా తీయవచ్చినంత సందు చాలును. అట్టలతో కూడిన నూఱు పెద్ద రికార్డులు ఇరువది కిలోలకు మించి తూగును గనుక పలుచని బల్ల పనికిరాదు. బల్ల నడుమ క్రుంగిన రికార్డులును దానితో వాలును. కొన్నప్పుడు అట్టపై బిగించియున్న పలుచని ప్లాస్టిక్ పొరను తీసివేయుట మంచిది. అది వేడికి ముడుచుకొని అట్టను, అట్టలోని రికార్డును గూడ లాగి వంచును. పిల్లలు పాట విని రికార్డును యంత్రముపైననే విడిచి పోవుట గలదు. విన్న వెంటనే అట్టలో చేర్చు అలవాటు వారికి నేర్పుడు.

ఇక ప్రయాణముల సంగతి. మావంటి ఉపాధ్యాయ కుటుంబములకు బదిలీలు తఱచుగా వేసవి సెలవులలోనే వచ్చును. మా హనుమాన్ జంక్షనులో చెన్నై కోల్‌కతా జాతీయ రహదారిని నూజివీడు, గుడివాడ బాటలు కలియును. పట్టపగలు సామాను నింపుకొని, డ్రైవరు టీ త్రాగివచ్చువఱకు ఎండలో నిలిచియుండు బండ్లను ఇచ్చట నిత్యము చూచుచుందుము. తలుపులు మూసి ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటుట కలదు. ఏండ్ల తరబడి చెక్కుచెదరని రికార్డు అట్టి యొక్క గంటలో చెడవచ్చును. కాబట్టి మిగిలిన సామాను ఎప్పుడు పోయినను, రికార్డుల పెట్టెను తెల్లవాఱుజామునగాని రాత్రిగాని తరలింపుడు. పెట్టెలో వానిని నిలువుగనే యుంచుడు. దారిలో భోజనమునకు దిగినచో పెట్టెను గూడ నీడకు దింపించుడు.

వానకాలమున వేఱొక చిక్కు. చెమ్మకు అట్టలు బూజుపట్టును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇండ్లలోనికి నీరు వచ్చినపుడు ఎన్ని యిండ్ల పుస్తకములు, పటములు తడిసినవో చదువరులకు జ్ఞాపకముండును. అట్టి వేళ మనచేయి అప్రయత్నముగా ఎండవైపే పోవును. తడిసిన రికార్డును అట్టనుండి తీసి, మంచినీట బురద పోవునట్లు కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, పళ్లెములు నిలుపు స్టాండులో నీడను, గాలి యాడుచోట ఆఱనీయుడు. నడుమనున్న కాగితమును తడుపకుడు. లక్క ప్లేట్లను స్పిరిటుతో ఎన్నడును తుడువరాదు. వడ్రంగులు లక్కను స్పిరిటులోనే కరగించి కొయ్యకు పాలిష్ వేయుదురని తెలిసిన, ఈ హెచ్చరిక వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇప్పుడు ఆ సోదరి ప్రశ్నకు వచ్చెదను. ఎండలో గాజుపలక యేల వలదు? రికార్డులోని పాట యంతయు గాడి గోడలలో నున్నది. ఆ గాడి వెడల్పు వెంట్రుకవాసి. దాని గోడలపై నున్న మెలికలు అంతకన్న ఎంతయో సూక్ష్మములు. ప్లేటును చదునుచేయగల వేడి ఆ మెలికలను గూడ మెత్తబఱుపగలదు. చూపునకు రికార్డు చక్కబడును, చెవికి పాట మొద్దుబాఱును. వేడిని కొలతతో పెంచి తగ్గించు యంత్రములు కలవుగాని, మన పెరటి యెండకు ఆ కొలత లేదు.

చేయదగినది ఇది. లక్క ప్లేటయినచో బలిమిచేయకుడు, నొక్కిన పగులును. వినైలయినచో, మెత్తని కుంచెతో ధూళి పూర్తిగా పోగొట్టి, శుభ్రమైన కాగితము నడుమ ఉంచి, రెండు మందపు గాజుపలకల మధ్య పరుండబెట్టి, పైన సమముగా పుస్తకముల బరువుంచి, ఇంటిలో చల్లని గది నేలపై కొన్ని వారములు విడువుడు. కొంచెపు వంపు తగ్గవచ్చును, తగ్గకపోవచ్చును. చెఱుపు మాత్రము జరుగదు. అంతకన్న ముందు మఱియొక పని కలదు. చిన్న అల యున్న రికార్డు చాలవఱకు ఇంకను పాడును. ముల్లు అలతోపాటు లేచి దిగుచుండుటచే స్వరము కొంత ఊగును, అంతియే. తెలిసినవారిచేత దానిని పాడించి కంప్యూటరులోనికి ఎక్కించి, రెండుచోట్ల దాచుడు. 78 చుట్ల ప్లేటు గాడి వెడల్పైనది, ఎల్.పి. గాడి సన్ననిది, ఒకదాని ముల్లు మఱియొకదానికి పనికిరాదు. పాతకాలపు ఉక్కుముల్లును ఎల్.పి.పై మోపినచో ఒక్కసారికే గాడి చెడును.

నకలు వచ్చినది గదా యని అసలును పాఱవేయకూడదు. నేటి నకలుకన్న మేలైన నకలు ఱేపు తీయవలెనన్నను ఆ ప్లేటే ఆధారము. గుడివాడ దగ్గఱ చౌటపల్లెలో పుట్టిన ఘంటసాలవారి భగవద్గీతగాని, విజయవాడలో పెరిగి పాడిన బాలమురళీకృష్ణగారి కీర్తనలుగాని ఎక్కడనైనను మరల దొరకును. కాని తిరుపతి వేంకటకవుల పాండవ నాటకముల పద్యములను ఆనాటి రంగస్థల గాయకులు పాడిన ప్లేట్లు, పేరు మఱుగుపడిన హరిదాసుల కథలు, అచ్చటచ్చట వెలువడిన స్త్రీల పాటలు, వీనిలో తిరిగి అచ్చుకానివి పెక్కు. కథ మూడేసి నిమిషముల చొప్పున పెక్కు ప్లేట్లలో సాగును. ఒక్కటి పోయిన కథయే తెగును. మీ యటకమీదిది ఈ లోకమున మిగిలిన కడపటి ప్రతియో కాదో చెప్పగలవారెవరు?

ఇంటిలో ఏది అటక యెక్కవలెను, ఏది పాత సామానుల బండి యెక్కవలెనని తేల్చువారము మనమే. పురుషులు కొన్న రికార్డులైనను వానికి ఆయుర్దాయము మన చేతిలో నున్నది. రోహిణి యెండలకు రోళ్లు పగులునని సామెత. రోహిణికార్తె మే నెల 25వ తేదీ ప్రాంతమున ప్రవేశించును. అంతకుముందే ఒకనాటి యుదయమున నిచ్చెన వేయించి, అటకమీదివానిని దింపించి, లోగదిలో నిలువుగా నిలుపుడు. వడియములు మాత్రము ఎప్పటివలె డాబాపై ఎండుగాక.