అసలు నియ్యత్ ఏంటి, బేటా?

పోయిన ఇత్వార్ మా ఆపా కూతురు ఇంటికొచ్చింది. చేతిలో రెండు కాగితాలు. "మామూ, మీరు సహాఫీ కదా, ఇది కొంచెం దురుస్త్ చేసి పెట్టండి" అంది. డిగ్రీ ఆఖరి సంవత్సరం, స్టాటిస్టిక్స్. పై చదువుకు బయటి దేశాలకు దరఖాస్తు పెడుతోంది. మా దగ్గరికే ఎందుకు చదవడానికి వస్తున్నావో రాయి అని అక్కడి యూనివర్సిటీలు అడుగుతాయి. దాన్ని ఎస్‌ఓపీ అంటారు. కన్సల్టెన్సీ వాళ్ళు ఓ నమూనా ఇచ్చి, పేరు మార్చుకోమన్నారట.

చదివాను. చిన్నప్పటి నుంచీ డేటా సైన్స్ అంటే తనకు జునూన్ అట. నవ్వొచ్చింది. ఆ పిల్ల చిన్నతనం నాకు తెలీదా? ఇంట్లో కంప్యూటరే లేదు. జునూన్ ఏదైనా ఉంటే అది రేగుపళ్ళ మీద, మా అబ్బాయి పతంగుల మీద.

"ఇది పక్కన పెట్టు బేటా. అసలు నియ్యత్ ఏంటి?" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. చాయ్ వచ్చాక ఒక్కొక్కటీ బయటికొచ్చింది. హాస్టల్లో వార్డెన్, ఇంట్లో అమ్మీ. ఎన్నింటికి బయటికెళ్ళాలో, ఎన్నింటికి రావాలో తను ఒక్కరోజైనా తేల్చుకున్నది లేదట. ప్రతి ఈద్‌కీ ఎవరో ఒక ఖాలా రిష్తా కోసం ఫోటో అడుగుతారట. చదువుతోంది అని చెబితే రెండేళ్ళు ఊపిరాడుతుంది. క్లాసులో ఎవరైనా "మీ వాళ్ళు తెలుగు ఇంత బాగా మాట్లాడతారా?" అన్నప్పుడల్లా నవ్వి ఊరుకుంటుందట, ఇక ఆ నవ్వు నవ్వాలని లేదు. చివర్లో, కొంచెం సిగ్గుపడుతూ, "మూడేళ్ళు సర్వేల గురించి చదివాను మామూ, ఒక్క నిజమైన సర్వే లెక్క చేయలేదు. అన్నీ పరీక్ష కోసం చేత్తో వేసిన లెక్కలే" అంది.

ఈ ఆఖరి మాట ఆ నమూనాలో లేదు. యూనివర్సిటీకి రాయాల్సింది అదొక్కటే. మిగతావి యూనివర్సిటీకి కాదు, ఇంట్లో చెప్పాల్సిన మాటలు. ఇంట్లో చెప్పడానికి చెవులు లేవు గనక పిల్లలు కన్సల్టెన్సీ భాష నేర్చుకుంటున్నారు. నా షికాయత్ ఇదే.

పారిపోవాలనుకోవడం సిగ్గుపడాల్సిన వజహ్ అని నేను అనుకోను. సరోజినీ నాయుడు 1895లో పదహారేళ్ళకు నిజాం ఇచ్చిన వజీఫాతో హైదరాబాద్ నుంచి ఇంగ్లండ్ వెళ్ళారు. బడి పుస్తకాల్లో అది ప్రతిభకు దక్కిన ఇనామ్. కానీ ఆమె ఇష్టపడి వెళ్ళలేదు. డాక్టర్ గోవిందరాజులు నాయుడు మీద మనసు పడిందని తెలిసి ఇంటివాళ్ళు పంపించారు. లండన్‌లో, కేంబ్రిడ్జిలో చదివి, 1898లో తిరిగొచ్చి ఆయన్నే నికా... క్షమించండి, పెళ్ళి చేసుకున్నారు. కాగితం మీది కారణం ఒకటి, కడుపులోది ఇంకొకటి అన్నది కొత్త సంగతేం కాదు.

నాకూ ఒక పరాయి దేశం ఉండేది. అది మా ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న డిగ్రీ కాలేజీ. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం చదివినవాణ్ణి తెలుగు డిగ్రీకి వెళ్తానంటే ఇటు మొహల్లా, అటు క్లాసు, రెండూ "ఎందుకు?" అన్నాయి. సాహిత్యం మీద ప్రేమ అని చెప్పేవాణ్ణి. అది ఝూట్. మా అబ్బా రేషన్ కార్డు దరఖాస్తు ఇంకొకరితో రాయించుకోవడానికి మండలాఫీసు ముందు నిలబడేవారు. అది చూడలేక వెళ్ళాను. ప్రేమ తర్వాత పుట్టింది.

మా దుల్హాభాయ్ అభ్యంతరం వేరు. ఆయనది చిన్న బట్టల దుకాణం. "సూద్ మీద కర్జ్ తీసుకోను" అన్నారు, అంతే. మన ఇళ్ళల్లో ఈ మాటతో సంభాషణ ఆగిపోతుంది. ఆగకూడదని నా అభిప్రాయం. సూద్ వద్దన్నంత మాత్రాన చదువు వద్దని కాదు, హిసాబ్ ఇంకోలా వేయాలి. తెలంగాణలో మైనారిటీ విద్యార్థులకు 2015 నుంచి ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. 20 లక్షల రూపాయలు. ఇంటి ఆదాయం ఏడాదికి 5 లక్షలు దాటకూడదు. అయితే ఒక చిక్కుంది: అక్కడ దిగినట్టు రుజువు చూపాకే మొదటి విడత, మొదటి సెమిస్టర్ ఫలితాల తర్వాత రెండోది. అంటే విమానం ఎక్కేనాటి డబ్బు మనదే కావాలి. ఇది తెలీక టికెట్టు దగ్గర అప్పుల వేటలో పడతారు.

ఇంకో దారి జర్మనీ. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటిలో ట్యూషన్ ఫీజు ఉండదు. బాడెన్-వూర్టెంబర్గ్ రాష్ట్రం మాత్రం మనలాంటివాళ్ళ దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటుంది. ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు, సుమారు 12 లక్షల రూపాయలు, బ్లాక్డ్ అకౌంట్‌లో ముందే చూపాలి. ఆ డబ్బు ఎవరికీ ఇచ్చేది కాదు. నెలకు 992 చొప్పున పిల్ల చేతికే తిరిగొస్తుంది. అమెరికా సంగతి అందరికీ తెలుసు. 2023–24లో అక్కడ మన దేశపు విద్యార్థులు 3.31 లక్షల మంది. పక్కింటి అబ్బాయి వెళ్ళాడు కాబట్టి మనమూ అనడం నా దృష్టిలో అన్నిటికంటే కమ్జోర్ వజహ్.

అన్నట్టు, ఇలాంటి చర్చ వస్తే ఎవరో ఒకరు ఇల్మ్ కోసం చీనా దాకా వెళ్ళమన్న రివాయత్ తీస్తారు. ఉలమాల్లో చాలామంది దాన్ని జయీఫ్ అన్నారు. పిల్లను చదివించడానికి మనకు చీనా అక్కర్లేదు, ఇఖ్రా చాలు.

నన్ను నిజంగా బాధపెట్టేది ఇంకొకటి. అదే పిల్ల షాదీకి ఫంక్షన్ హాల్, బిర్యానీ, జహేజ్ కలిపి ఇంచుమించు ఇంత ఖర్చుకూ మన ఇళ్ళు తయారే. దానికి ఎవరూ ఎస్‌ఓపీ అడగరు. మా తరం అబ్బాయిలు జెద్దాకి, దమ్మామ్‌కి వెళ్ళారు. పదో తరగతి పాసవ్వని వాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర పడేది, అయినా వెళ్ళారు. ఎందుకని ఎవరు అడిగారు? మజ్బూరీ అందరికీ కనిపించింది కాబట్టి అడగలేదు. అమ్మాయి మజ్బూరీ మాత్రం మనకు కనిపించదు.

భాంజీకి కూడా ఒక మాట చెప్పాను. అక్కడ ఎవరూ నిన్ను "మీ వాళ్ళు" అనరనుకోకు, ఇంకో జబాన్‌లో అంటారు. ఎన్నింటికి రావాలో నువ్వే తేల్చుకుంటావు, నిజమే. జ్వరమొచ్చిన రోజు గంజి కూడా నువ్వే కాచుకుంటావు. ఆమె తలూపింది. అది ఆలోచించిందట ముందే.

ఇద్దరం కూర్చుని ఆ కాగితం మళ్ళీ రాశాం. మొదటి వాక్యం: మూడేళ్ళు సర్వే శాంపిలింగ్ చదివాను, ఒక్క సర్వే కూడా చేయలేదు. మిగతా మాటలు అబ్బాకు తనే చెబుతానంది. చెప్పిందో లేదో అడగలేదు. జుమేరాత్ రాత్రి దుల్హాభాయ్ ఫోన్ చేశారు.

"ఆ జర్మనీ ఖాతాలో వేసే డబ్బు నిజంగా మళ్ళీ మనకే వస్తుందా భాయ్? అందులో సూద్ ఏం లేదు కదా?"

నెలనెలా పిల్లకే వస్తుందన్నాను.

"అయితే ఇత్వార్ ఇంటికి రండి. షాదీ కోసం దాచింది ఎంతుందో లెక్క చూద్దాం."