బావనొద్దన్న రాణి

స్వీడన్ రాణి క్రిస్టినా మీద డాక్యుమెంటరీ ఎక్కడైనా వస్తే ఆడపిల్లల్ని పక్కన కూచోబెట్టుకుని చూడండి.

ఆమె 1626లో పుట్టింది. రాజుకి వేరే వారసుల్లేరు. యుద్ధానికి పోతూ, కూతురికి మగపిల్లాడితో సమానంగా చదువు చెప్పించమని చెప్పిపోయాడు. 1632లో ఆ యుద్ధంలోనే పోయాడు. ఆరేళ్లు నిండకుండానే పిల్ల రాణి అయింది. గుర్రపు స్వారీ, చాలా భాషలు నేర్చింది. పెద్దయ్యాక పాఠాలు చెప్పమని ఫ్రెంచి తత్వవేత్త డెకార్టునే పిలిపించుకుంది.

మేనత్త కొడుకు కార్ల్ గుస్తావ్‌ని చేసుకోమని పెద్దలు పోరారు. వరసకి బావే! చిన్నప్పుడు మాటా అనుకున్నారు. అయినా ఒప్పుకోలేదు. బావని వారసుడిగా ప్రకటించి, 1654లో కిరీటం అతనికిచ్చేసి రోముకి వెళ్లిపోయింది. అప్పటికి వయసు 27. జీవితమంతా పెళ్లి చేసుకోలేదు.

ఆమెలో తప్పుల్లేవని కాదు. సర్కారు భూములు దొరలకి పంచి ఖజానా ఖాళీ చేసింది. ఆ భారం రైతుల మీద పడింది.

మన లైన్లలోనూ పిల్ల పది పాసవగానే, "బావ ఉన్నాడుగా, ఇంకా చదువెందుకు?" అంటాం. రాణికి కిరీటం తండ్రి చావుతో వచ్చింది, మధ్యలో పోయింది. తండ్రి చెప్పించిన చదువు మాత్రం చివరిదాకా తోడుంది. మనం కిరీటాలు ఇవ్వలేం. చదువు ఇవ్వగలం కదా!